రోజులు దగ్గరపడ్డాయని తెలిసిన మనిషి ఎలా బతుకుతాడు?

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. మీ బాపుకి 63 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, నల్గొండ జిల్లాలో సొంత ఊళ్లోనే ఉంటున్నారు. పాంక్రియాస్‌లో (క్లోమంలో) క్యాన్సర్, లివరుకి కూడా పాకింది. కామెర్లు తగ్గడానికి స్టెంట్ (నాళం తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేశారు. మూడు నాలుగు నెలలని డాక్టరు మిమ్మల్ని బయటికి పిలిచి చెప్పారు. బాపుకి మాత్రం "పసిరికలు, లోపల నాళంలో అడ్డు పడింది, తీసేశారు" అని చెప్పి ఇంటికి తెచ్చుకున్నారు. రాత్రి రెండింటికి లేచి, ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంటున్నారు. నిజం చెప్పాలా, చెబితే కుంగిపోతారా, పోతానని తెలిసిన మనిషి మిగిలిన రోజులు ఎలా గడుపుతాడు, డల్లాస్‌లో ఉన్న అక్కని ఎప్పుడు రమ్మనాలి? ఇవీ మీ ప్రశ్నలు.

నేను నర్సుని. పద్దెనిమిదేళ్లు క్యాన్సర్ వార్డులో, తర్వాత పదకొండేళ్లు ఇళ్లకి వెళ్లి చూసే టీములో పనిచేశాను. కింద చెప్పే మనుషుల్ని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అన్నిటికన్నా ముందు ఆ రాత్రి రెండింటి సంగతి. ఆలోచనలతో నిద్రపట్టక లేస్తున్నారని మీరనుకుంటున్నారు. పాంక్రియాస్ నొప్పి పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కొంచెం తగ్గుతుంది. మీరు రాసిన ఆ కూర్చునే తీరు నేను ఎన్నో ఇళ్లల్లో చూశాను. ఆయన నొప్పితో కూర్చుంటున్నారు, మీకు చెప్పడం లేదు. నొప్పిలో ఉన్న మనిషితో చావు గురించి మాట్లాడకూడదు. ముందు నొప్పి తగ్గాలి, మాట తర్వాత.

ఆయనకి రాసిచ్చిన నొప్పి మందు ట్రమడాల్ సరిపోవడం లేదు. మార్ఫిన్ కావాలి. ఆ పేరు వినగానే మీ ఇంట్లో ఎవరో ఒకరు "అది ఆఖరికి ఇచ్చే మందు" అంటారు, "అలవాటు పడిపోతాడు" అని ఇంకొకరంటారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు లెక్క ప్రకారం మార్ఫిన్ వాడుతూ వ్యసనంలో పడినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. మార్ఫిన్ మొదలుపెట్టాక నెలల తరబడి నడుచుకుంటూ బజారుకి వెళ్లొచ్చినవాళ్లు చాలామంది తగిలారు. సాధారణంగా 5 లేదా 10 మిల్లీగ్రాముల బిళ్లతో మొదలుపెట్టి ప్రతి నాలుగు గంటలకీ ఇస్తారు. నొప్పి వచ్చాక వేయడం కాదు, గడియారం చూసి నొప్పి రాకముందే వేయాలి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు, కొందరికి వాంతులొస్తాయి, అది సర్దుకుంటుంది. సర్దుకోనిది మలబద్ధకం ఒక్కటే. అందుకని మార్ఫిన్ రాసిన చీటీలో విరేచనం మందు లేకపోతే అక్కడే నిలబడి అడగండి. మీ బాపు జబ్బుకి సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అని ఒకటుంది. పొట్ట వెనక ఉన్న నరాల గుంపుకి ఇంజెక్షన్ చేసి నొప్పి కబురు పైకి వెళ్లకుండా ఆపుతారు. అందరికీ కుదరదు, కానీ ఆయనకి కుదురుతుందేమో నొప్పి డాక్టరుని తప్పకుండా అడగండి.

మార్ఫిన్ మామూలు మెడికల్ షాపులో దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఆసుపత్రులు చాలాకాలం దీన్ని పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించాక కొంత సులువైంది. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'ఆలన' పేరుతో పాలియేటివ్ కేంద్రాలు, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం చేసే చోట్లు ఉన్నాయి, ఇంటికొచ్చి చూసే వాహనాలూ ఉన్నాయి. జిల్లా ఆసుపత్రికి డిశ్చార్జి సమ్మరీ పట్టుకెళ్లి అడగండి. పాలియేటివ్ అంటే చేతులెత్తేయడం అని మీ బాబాయి అన్నారని రాశారు. బోస్టన్‌లో, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మంది మీద చేసిన ఒక పరిశీలన 2010లో అచ్చయింది. సగం మందికి మామూలు క్యాన్సర్ వైద్యం, మిగతా సగానికి దానితోపాటు మొదటి నుంచే పాలియేటివ్ వైద్యం. రెండో గుంపుకి ఆఖర్లో కీమోలూ గీమోలూ తక్కువే అయ్యాయి, అయినా మధ్యస్థంగా 11.6 నెలలు బతికారు. మొదటి గుంపు 8.9 నెలలు. ఈ లెక్క మీ బాపు జబ్బుకి అచ్చంగా వర్తిస్తుందని చెప్పను. చేతులెత్తేయడం కాదని మీ బాబాయికి చెప్పడానికి చాలు.

ఇప్పుడు చెప్పాలా వద్దా అన్న సంగతి.

ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టుకున్న మనిషి. ఇంజను శబ్దంలో తేడా వస్తే బస్సులో అందరికన్నా ముందు ఆయనకే తెలిసేది. తన ఒంట్లో వచ్చిన తేడా ఆయనకి తెలియదని మీరెలా అనుకుంటున్నారు? బెల్టుకి రెండు కొత్త చిల్లులు పొడిపించుకున్నారని మీరే రాశారు. ఎప్పుడూ రాని చుట్టాలు పండ్లు పట్టుకుని వచ్చి, గుమ్మం బయట గుసగుసలాడి, లోపలికొచ్చి నవ్వుతున్నారు. ఆయన ఇవన్నీ చూస్తున్నారు.

హైదరాబాద్‌లో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారింటికి వెళ్లేదాన్ని. ఆయనకి అల్సరని చెప్పారు. ఒకరోజు కట్టు మారుస్తుంటే దిండు కింద నుంచి చిన్న కాగితం తీశారు. రిపోర్టు మీది మాట ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు రాసుకుని పెట్టుకున్నారు. "దీని అర్థం నాకు తెలుసమ్మా. నాకు తెలుసని మా ఆవిడకి మాత్రం చెప్పకు, తట్టుకోలేదు" అన్నారు. చేతులు కడుక్కోవడానికి వంటగదిలోకి వెళ్తే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఆయనకి తెలియనివ్వకు సిస్టర్, తట్టుకోలేరు" అన్నారు. రెండు నెలలుగా అదే ఇంట్లో, ఒకే గోడకి అటూ ఇటూ. రాత్రిళ్లు ఏడుపొస్తే ఆయనకి వినపడుతుందని ఆవిడ పక్కగదిలో పడుకునేవారు. నేను ఇద్దర్నీ అడిగి, ఇద్దరూ ఒప్పుకున్నాక, ఒకచోట కూర్చోబెట్టాను. నేను మాట్లాడింది ఏమీ లేదు. ఆయనే ఆ కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టారు. చాలాసేపు ఏడ్చారు. మరుసటి వారం వెళ్తే ఆవిడ మంచం ఆయన గదిలో ఉంది. ఆయన పోయేదాకా అక్కడే ఉంది.

మీరు భయపడుతున్నది ఆయన కుంగిపోతారని. మొదటి వారం పది రోజులు కష్టంగానే ఉంటుంది, దాచను. అన్నం మానేస్తారు, ఎవరి మీదో విరుచుకుపడతారు, ఇంకో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లమంటారు. ఒకరోజు అంతా సర్దుకున్నట్టే ఉండి మర్నాడు మళ్లీ మొదటికొస్తారు. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే మనోవైద్యురాలు, పోతానని తెలిసిన మనిషి మనసు ఐదు దశలు దాటుతుందని చెప్పింది గదా, అవి వరసగా మెట్లెక్కినట్టు రావడం నేనెప్పుడూ చూడలేదు. పొద్దున కోపం, మధ్యాహ్నం మనవడితో ఆట, రాత్రి మళ్లీ భయం. ఆ తర్వాత ఎక్కువమంది తమ పనుల్లో తాము పడిపోతారు. పడకుండా అలాగే మూసుకుపోయి ఉంటే, రెండు వారాలు దాటినా ఎవరితో మాట్లాడకపోతే, అది దిగులు జబ్బు కావచ్చు, మందుంది. పాంక్రియాస్ క్యాన్సర్‌లో అది కొంచెం ఎక్కువగానే వస్తుంది, డాక్టరుకి చెప్పండి.

ఎలా చెప్పాలంటే, మీరు చెప్పకండి. అడగండి. "బాపూ, ఈ జబ్బు గురించి నీకేమనిపిస్తుంది?" అని అడిగి ఊరుకోండి. ఆ ఊరుకోవడమే అన్నిటికన్నా కష్టం. మనవాళ్లు నాలుగు సెకన్లు మౌనం భరించలేక "ఏం కాదులే" అనేస్తారు. ఆ మాటతో తలుపు మూసుకుపోతుంది, ఆయన మళ్లీ తీయరు. మీరు ఊరుకుంటే ఆయన ఏదో ఒకటి అంటారు. "ఇది తగ్గేటట్టు లేదురా" అనొచ్చు. అప్పుడు, "డాక్టరు చెప్పినవన్నీ నీకు చెప్పమంటవా, నన్నే చూసుకొమ్మంటవా?" అని అడగండి. చెప్పమంటే చెప్పండి: "జబ్బు నయమయ్యే దశ దాటిందన్నారు. నొప్పి లేకుండా చూడొచ్చన్నారు. నేను నీ దగ్గరే ఉంట." ఈ మూడు మాటలు చాలు, అబద్ధం ఒక్కటీ లేదు. ఎన్నాళ్లు అని ఆయన అడిగితేనే కాలం గురించి మాట్లాడండి. అప్పుడు కూడా తేదీ చెప్పకండి, నెలల్లో ఉందనో వారాల్లో ఉందనో చెప్పండి.

వద్దన్నారా, వదిలేయండి. ఒక ఆటో డ్రైవరు నాతో మొదటి రోజే అన్నాడు: "నాకేం చెప్పకుండ్రి సిస్టర్, మా ఇంటామెకు చెప్పుండ్రి. నాకు పొద్దుగాల ఇడ్లీ తినబుద్ధయితే చాలు." ఏడు వారాలు అలాగే ఉన్నాడు, ఇడ్లీ గురించి, పిల్లల ఫీజుల గురించి మాట్లాడుతూ. అతనికి బలవంతంగా వినిపించే హక్కు నాకు లేదు. కాకపోతే పది రోజులకోసారి, "అడగాలనిపిస్తే అడుగు అన్నా" అని మాత్రం గుర్తుచేసేదాన్ని.

ఆ మూడు నాలుగు నెలల లెక్క గురించి ఒక మాట. 2000లో అచ్చయిన ఒక పరిశీలనలో చికాగోలోని 468 మంది రోగుల గురించి వాళ్ల డాక్టర్లని ఎన్నాళ్లుంటారని అడిగారు. చెప్పింది సుమారుగా సరిపోయినవి ఇరవై శాతం. మిగిలిన చాలామటుకు అసలుకన్నా ఎక్కువ చెప్పారు, సగటున ఐదు రెట్లు. పరిచయమున్న రోగికి తక్కువ చెప్పడానికి ఏ డాక్టరుకీ నోరు రాదు. అందుకని మీ అక్కని ఇప్పుడే రమ్మనండి. ఆఖరికి సెలవు దాచుకుంటానని ఆవిడ అనుకుంటున్నట్టున్నారు. ఆఖర్లో వస్తే బాపు నిద్రలో ఉంటారు. ఇప్పుడొస్తే టీ తాగుతూ పోట్లాడతారు. నెల ముందొచ్చి, మూడు వారాలుండి, తిరిగి వెళ్లాక తండ్రి పోతే దహనానికి అందుకోలేకపోయిన కూతుళ్లు నాకు తెలుసు. వాళ్లు తర్వాత నాతో మాట్లాడినప్పుడు ఆ మూడు వారాల గురించే చెప్పేవారు. దహనానికి మాత్రమే అందుకున్నవాళ్లతో మాట్లాడటం చాలా కష్టంగా ఉండేది.

ఇక అసలు ప్రశ్న. తెలిసిన మనిషి ఏం చేస్తాడు?

మన పెద్దవాళ్లు పరీక్షిత్తు కథ చెబుతారు. ఏడు రోజుల్లో పాముకాటుతో పోతానని తెలిసి గంగ ఒడ్డున కూర్చుని శుకుడి నోట కథ విన్నాడని. మీ ఊళ్లో ఎవరో మీ బాపుకి పురాణం పెట్టించమని సలహా ఇచ్చారని రాశారు గదా. ఆ కథలో మనం దాటేసే సంగతి ఒకటుంది. రాజు ఒడ్డున కూర్చునే ముందే బరువంతా కొడుక్కి అప్పజెప్పాడు. ఒంట్లో నొప్పి కూడా లేదు. ఆ రెండూ అయ్యాకే వినగలిగాడు. మనం నొప్పి తగ్గించకుండా, అప్పగింతలు కానివ్వకుండా, పక్కన పారాయణం పెడతాం.

నేను చూసినవాళ్లు చేసిన పనులు చాలా చిన్నవి.

జగిత్యాల వైపు ఒక బీడీలు చుట్టే ఆమె, రొమ్ము క్యాన్సర్ పుండై బయటికొచ్చింది. ఆమెని కుంగదీసింది చావు కాదు, వాసన. కోడలు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది, ఈమె పక్కింటివాళ్లని కూడా రావద్దని కబురు పెట్టేసింది. మేం మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ బిళ్లలు మెత్తగా పొడి చేసి కడిగిన పుండు మీద చల్లాం. ఐదారు రోజుల్లో వాసన చాలావరకు పోయింది. తర్వాతి సారి వెళ్లేసరికి, "వాసన వస్తలేదు గద సిస్టర్? పక్కింటామెను రమ్మనుమంటవా?" అని అడిగింది. రమ్మనమన్నాను. ఇంకో పది రోజులకి వెళ్తే గోడకానుకుని కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది, పక్కింటామె ఎదురుగా తనూ చుడుతోంది. ఒకప్పుడు రోజుకి వెయ్యి చుట్టిన చెయ్యి, అప్పుడు యాభై. పైసల కోసం కాదు. మాట్లాడటానికి చేతుల్లో పని ఉండాలి వాళ్లకి. ఆమె నన్ను చేయమన్న సాయం ఒకటే: పీఎఫ్ కాగితాల్లో నామినీగా పెద్దకొడుకు పేరుంది, చిన్నబిడ్డ పేరు కూడా ఎక్కించాలి. అది అయిన రోజు ఆమె ముఖం నాకింకా గుర్తే.

ముప్పై నాలుగేళ్ల ఒక తల్లి, ఎనిమిదేళ్ల కూతురు. ప్రతి పుట్టినరోజుకి ఒక ఉత్తరం రాసి పెట్టమని ఎవరో చెప్పారు, ఎక్కడో చూశారట. రెండో ఉత్తరంలో ఆగిపోయింది. రాయలేకపోతున్నానని సిగ్గుపడింది కూడా. రాయకపోతే ఏమైందమ్మా అన్నాను. తర్వాత ఆవిడ చేసిన పని, భర్తకి రెండు జడలు వేయడం నేర్పించడం. మంచం మీద నుంచి చెబుతుంటే ఆయన నేల మీద కూర్చుని పిల్ల జుట్టు పాయలు తీసేవాడు. మొదట్లో పిల్ల ఏడ్చేది, లాగుతున్నాడని. మూడు వారాల్లో స్కూలుకి రిబ్బన్లతో పంపించే స్థాయికి వచ్చాడు.

అన్నదమ్ములు గట్టు తగాదాతో పద్నాలుగేళ్లు మాటల్లేకుండా ఉన్న ఒక ఇల్లు. జబ్బుపడిన అన్న కబురు పెట్టాడు. తమ్ముడు వచ్చి కుర్చీలో పది నిమిషాలు కూర్చున్నాడు. బోర్లో నీళ్లెట్లున్నయ్, ఈసారి వాన ముందే పడ్డది, అంతే. క్షమాపణలు లేవు, కౌగిలింతలు లేవు. తమ్ముడు వెళ్లాక అన్న ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. మీ ఇంట్లో అలాంటి తెగిన సంబంధాలుంటే పెద్ద సన్నివేశం ఆశించకండి. మనుషులు బతికినట్టే పోతారు. గొడవపడే ఆవిడ పప్పులో ఉప్పు గురించి కోడలితో ఆఖరి వారం దాకా గొడవపడుతుంది. తప్పు లేదు.

ఇంకో రకం పొరపాటు ఉంది, మంచి మనసుతో చేసేది. ఒక పెద్దాయన్ని పిల్లలు హైదరాబాద్ నుంచి తిరుపతికి కారులో తీసుకెళ్లారు, ఐదొందల కిలోమీటర్లు పైమాటే. దారంతా వాంతులు, దర్శనం గుర్తే లేదు, వచ్చాక లేవలేదు. ఆయన అడిగింది తిరుపతి కాదు, నా ముందే అన్నాడు: వాకిట్లో వేపచెట్టు కింద మంచం వేయమని. దోమలని పిల్లలు వేయలేదు. మీ బాపుకి ఏం చేయాలనుందో మీరు ఊహించకండి. "ఈ వారం ఏం చేద్దాం బాపూ?" అని అడగండి. ఈ వారం అనండి, చివరి కోరిక అనకండి. తను నడిపిన రూట్లో ముందు సీట్లో కూర్చుని ఒక స్టేజీ దూరం పోయి రావాలనుకుంటారేమో. డిపో ముందు టీకొట్టు దగ్గర కూర్చోవాలనుకుంటారేమో. ఏమీ వద్దు, క్రికెట్ పెట్టు అంటారేమో. ఏదైనా సరే, నొప్పి మందు వేసిన గంటకి బయల్దేరండి.

అప్పగింతల గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మగవాళ్లకి చాలామందికి మనశ్శాంతి ఇచ్చేది ఇదే. మీకేమో ఆయన దగ్గర కాగితాల మాటెత్తితే ఆస్తి కోసం అనుకుంటారని బెరుకు. నిజం తెలిసిన మనిషి అయితే తనే ఎత్తుతాడు. చేబదులు తీసుకున్నవి, ఇచ్చినవి ఆయన చేతే చెప్పించి రాసుకోండి. ప్రామిసరీ నోటుకి మూడేళ్ల గడువు, దాటితే కోర్టులో చెల్లదు, ఆ నోట్లు ఏ డబ్బాలో ఉన్నాయో ఇంట్లో ఆయనొక్కరికే తెలిసుంటుంది. బ్యాంకు ఖాతా మీ అమ్మతో కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేటట్టు మార్పించండి. నామినీ అంటే బ్యాంకు డబ్బు అందుకునే మనిషి మాత్రమే, హక్కుదారులు వేరే ఉంటారు, ఇది చాలామందికి తెలియదు. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆస్తిలో వాటా వచ్చేవాళ్లని సాక్షులుగా పెట్టకండి. ఆయనకి పీఎఫ్ పెన్షన్ వస్తుంటే తర్వాత మీ అమ్మకి వస్తుంది. అమ్మ పేరు ఆధార్‌లో ఒకలా, పెన్షన్ కాగితాల్లో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. తర్వాత ఆవిడని ఆఫీసుల చుట్టూ తిప్పేది ఆ ఒక్క అక్షరమే.

ఇంకొక కాగితం. ఆఖర్లో వెంటిలేటర్ మీద పెట్టాలా వద్దా అన్నది ఆయన ముందే రాసి పెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న దీన్ని హక్కుగా ఒప్పుకుంది. మొదట మేజిస్ట్రేటు సంతకం కావాలనేవారు. 2023 జనవరి 24న దాన్ని సడలించి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు చేస్తే చాలన్నారు. కాగితం రాయడం కుదరకపోయినా కనీసం మీ ముగ్గురూ, బాబాయి ఒక మాట మీద ఉండండి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్న ఒకాయన ఇంటివాళ్లు రెండెకరాలు అమ్మారు. ఆయన చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయి. వద్దని ఆయన భార్యకి తెలుసు, కొడుక్కి తెలుసు. ఆ రాత్రి ఆయాసం రాగానే భయపడి అంబులెన్సు పిలిచింది మేనల్లుడు. అతని తప్పేం లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు.

తిండి గురించి మీ అమ్మగారికి ఈ ముక్క చదివి వినిపించండి. ఆయన తినకపోవడం వల్ల జబ్బు ఎక్కువ కావడం లేదమ్మా, జబ్బు ఎక్కువ కావడం వల్ల తినలేకపోతున్నారు. మీ వంట తప్పు కాదు. కంచం నిండా పెట్టకండి, చిన్న గిన్నెలో రెండు ముద్దలు పెట్టండి. జావ, మజ్జిగ, మామిడికాయ ముక్క, ఐస్‌క్రీమ్, ఏ వేళకి ఏది తినబుద్ధయితే అది. విరేచనం జిడ్డుగా తేలుతుంటే అన్నంతోపాటు వేసుకునే ఎంజైమ్ క్యాప్సూల్స్ ఉంటాయి, డాక్టరుని అడగండి. బలవంతంగా నోట్లో పెట్టకండి. ఆయన పక్కన కూర్చుని మీరు తినండి, అదే ఆయనకి కావాలి. ఆఖరి రోజుల్లో సెలైన్ పెట్టించమని అందరూ ఒత్తిడి చేస్తారు. ఆ దశలో ఒళ్లు ఆ నీళ్లని వాడుకోలేదు, కాళ్లు ఉబ్బుతాయి, గొంతులో కఫం పెరుగుతుంది. పెదాలు తడుపుతూ ఉండటం మేలు.

ఆఖరి రోజులు ఎలా ఉంటాయో ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది, మీకూ, ఆయన అడిగితే ఆయనకీ. చాలామంది నన్నడిగింది చావు గురించి కాదు, "ఊపిరాడక కొట్టుకుంటానా?" అని. ఎక్కువమందికి అలా జరగదు. రోజులో మేలుకుని ఉండే గంటలు తగ్గుతాయి. మింగడం కష్టమవుతుంది, అప్పుడు మార్ఫిన్ ఆపకూడదు, చర్మం కింద చిన్న సూది పెట్టి ఇస్తారు, ఇంట్లోనే. ఆయాసంగా ఉంటే ముఖం మీదికి చిన్న ఫ్యాను గాలి తగలనివ్వండి, నిజంగా పనిచేస్తుంది. మార్ఫిన్ కూడా ఆయాసానికి మందే. కాళ్లూ చేతులూ చల్లబడి, మోకాళ్ల దగ్గర నీలం మచ్చలు కనిపిస్తాయి. ఊపిరి కాసేపు గబగబా, కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురగుర వినిపిస్తుంది. అది వినేవాళ్లకి నరకంగా ఉంటుంది, ఆయనకి తెలియదు. పక్కకి తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. తులసి తీర్థం పోస్తారు గదా, చెంచాతో గొంతులో పోయకండి, మింగలేని మనిషికి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దూదితో పెదాలకి అద్దండి. మాట్లాడుతూనే ఉండండి. స్పందన లేకపోయినా వినికిడి చివరిదాకా ఉండొచ్చని మెదడు తరంగాలు చూసినవాళ్లు చెబుతున్నారు.

ఇంట్లో పోతే పోలీసులొస్తారేమోనని మీ భయం. జబ్బుతో పోతే రారు. డిశ్చార్జి సమ్మరీ, చూసే డాక్టరు ఇచ్చే ధ్రువీకరణ ఉంటే చాలు, 21 రోజుల్లో మరణం నమోదు చేయించండి.

రేపు పొద్దున్నే జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. బాపుని తీసుకెళ్లనక్కర్లేదు, కాగితాలు చాలు, ఇంటికి వాళ్లే వస్తారేమో కనుక్కోండి. ఈ రాత్రికి మాత్రం మీరు చేయగలిగింది ఒకటుంది. రెండింటికి ఆయన లేచినప్పుడు నిద్రపోతున్నట్టు పడుకోకండి. లేచి పక్కన కూర్చోండి. ఆయన ముందుకు వంగి ఉంటారు గనక వీపు మీకు అందుతుంది, వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు వేసి మెల్లగా రుద్దండి. "ఎన్ని రోజుల నుంచి నొస్తుంది బాపూ?" అని అడగండి. నిజం చెప్పడం ఎవరు మొదలుపెట్టాలా అని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. ఆయన ఆ ఒక్కదానికి నిజం చెబితే, మిగతావి అడగడానికి పగలంతా జనంతో నిండి ఉండే ఆ ఇంట్లో మీకు దొరికే వేళ కూడా అదే.